టీ పెట్టె మీద అక్షరాలు

మీ ఇంటి వంటగదిలో టీ సామాను ఉంచే అలమర ఒకసారి తెరచి చూడండి. అమెరికాలో ఉన్న చాలా తెలుగు ఇళ్లలో అక్కడ రెండు రకాల టీ కనిపిస్తుంది. ఒకటి మన సరుకులు అమ్మే అంగడి నుంచి తెచ్చిన పొట్లం. అందులో ఆవగింజలంత నల్లని పలుకులో, అంతకంటె మెత్తని పొడో ఉంటుంది. రెండవది ఊళ్లోని పెద్ద దుకాణంలో కొన్న పెట్టె. అందులో చిన్న చిన్న కాగితపు సంచులు ఉంటాయి. ఆ పెట్టె మీద చాలాసార్లు 'ఆరంజ్ పెకో' అని అచ్చువేసి ఉంటుంది. పెట్టె మూత తీసి ఎంత వాసన చూసినా నారింజ వాసన రాదు. రావటానికి అందులో నారింజ లేదు.

ఇక మన పొట్లం మీద 'డస్ట్' అనే మాట ఉండవచ్చు. డస్ట్ అంటే దుమ్ము అని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మీ ఇంటికి వచ్చిన స్నేహితుడెవరైనా అది చదివి, "మీరు దుమ్ము కాచి తాగుతారా?" అని అడిగితే ఏమని చెపుతారు? సిగ్గుపడి పొట్లం దాచుకొంటారా? లేక అతనికి నాలుగు మాటలు వివరించి చెపుతారా? చెప్పాలంటే ముందు మనకు తెలియాలి. నారింజ లేని ఆరంజ్ ఏమిటో, దుమ్ము కాని డస్ట్ ఏమిటో ఈ పాఠంలో తెలుసుకొందాం.

పేర్ల సంగతికి ముందు ఆకు సంగతి చూద్దాం. తేయాకు మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కెమెల్లియా సైనెన్సిస్. గ్రీన్ టీ ఒక మొక్క నుంచి, బ్లాక్ టీ మరొక మొక్క నుంచి వస్తాయని కొందరు అనుకొంటారు. అది సరి కాదు. కోసిన ఆకును ఏమి చేశారు అన్నదానిని బట్టి ఆ తేడా వస్తుంది. మన ఇళ్లలో పాలు పోసి కాచుకొనేది బ్లాక్ టీ. ఇక్కడ దాని గురించే చెప్పుకొందాం.

మంచి తోటలలో కొమ్మ చివర ఉన్న మొగ్గను, దాని కింది రెండు లేత ఆకులను కలిపి గిల్లుతారు. ఇంకా విచ్చుకోని ఆ మొగ్గ మీద సన్నని తెల్లని నూగు ఉంటుంది. ఈ నూగును గుర్తుంచుకోండి. దీనితో మళ్లీ పని పడుతుంది. గిల్లిన ఆకును గాలి ఆడే పొడవాటి తొట్లలో పరచి 12 నుంచి 18 గంటలు వాడనిస్తారు. వాడిన ఆకు విరగకుండా వంగుతుంది. అప్పుడు దానిని యంత్రంలో వేసి నలుపుతారు. నలిగిన ఆకులోని రసానికి గాలి తగులుతుంది. వంకాయ తరిగి నీళ్లలో వేయకుండా వదిలేస్తే ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. కాసేపటికే ముక్కలు నల్లబడతాయని చెపుతారు. తేయాకులో జరిగేదీ అటువంటిదే. ఆకుపచ్చ పోయి రాగి రంగు వస్తుంది. పచ్చివాసన పోయి టీ వాసన పుడుతుంది. తగినంత రంగు తిరిగిన తరువాత వేడిగాలిలో ఆరబెడతారు. దానితో ఆ మార్పు ఆగిపోతుంది, ఆకు నల్లగా అవుతుంది. సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు నుంచి ఒక కిలో టీ వస్తుంది.

ఇలా ఎండిన ఆకు అంతా ఒకే తీరుగా ఉండదు. కొన్ని ఆకులు పొడవుగా మెలితిరిగి ఉంటాయి. కొన్ని నలిపేటప్పుడు ముక్కలై ఉంటాయి. కొంత నూకలాగా, కొంత పొడిలాగా రాలుతుంది. అన్నిటినీ కలిపి ఒకే పెట్టెలో పోస్తే ఎవరికీ పనికిరాదు. అందుకని ఒకదాని కింద ఒకటి అమర్చిన జల్లెళ్ల మీద పోసి ఊపుతారు. పై జల్లెడలో పెద్ద ఆకు నిలుస్తుంది. దాని కింద ముక్క, ఇంకా కింద నూక, అన్నిటికంటె అడుగున పొడి. గ్రేడు అనే మాటకు టీ వ్యాపారంలో ముఖ్యమైన అర్థం ఇదే. ఆకు ఏ జల్లెడ మీద నిలిచిందో చెప్పే మాట అది.

మన వంటిళ్లలో ఇటువంటి గ్రేడులు ఎప్పటి నుంచో ఉన్నాయి. గోధుమలను విసిరి జల్లిస్తే పైన నిలిచింది రవ్వ, కిందికి దిగింది పిండి. ఉప్మాకు రవ్వ కావాలి, పూరీకి పిండి కావాలి. పిండితో ఉప్మా చేయబోతే జిగురు ముద్ద తయారవుతుంది. రవ్వ గొప్పదా పిండి గొప్పదా అని మన ఇళ్లలో ఎవరూ తగవు పడరు. ఒకే గోధుమ, రెండు పనులు.

టీలో జల్లెడ వరుస నాలుగు మెట్లుగా ఉంటుంది: పూర్తి ఆకు, విరిగిన ఆకు, ఫ్యానింగ్స్, డస్ట్. ఫ్యానింగ్స్ అంటే సుమారు ఒక మిల్లీమీటరు ఉండే నూక. ఇంగ్లీషులో 'ఫ్యాన్' అన్న మాటకు పూర్వం చేటతో చెరగడం అనే అర్థం ఉంది. మన నాయనమ్మలు బియ్యం చెరిగితే నూకలు వేరుపడినట్లే, టీని చెరిగితే వేరుపడినవి ఫ్యానింగ్స్. అంతకంటె మెత్తగా ఉన్నది డస్ట్. కనుక మీ స్నేహితునికి చెప్పవలసిన మొదటి మాట ఇది: ఈ డస్ట్ నేల మీది దుమ్ము కాదు, జల్లెడలో అన్నిటికంటె కిందికి దిగిన తేయాకు.

మరి నేల మీద పడినదాని మాట ఏమిటి? ఫ్యాక్టరీలో ఊడ్చిన చెత్త, పీచు, నూగు, పుల్లలు కూడా ఉంటాయి కదా! వాటికి వేరే పేరు ఉంది. వాటిని 'టీ వేస్ట్' అంటారు. దానిని తాగే టీలో కలిపి అమ్మకుండా భారతదేశంలో 1959లో ఒక ఉత్తర్వు తెచ్చారు. టీ వేస్టును కొనాలన్నా అమ్మాలన్నా లైసెన్సు ఉండాలి. దాని నుంచి కెఫీన్ వంటి పదార్థాలు తీస్తారు. డస్ట్ అనేది వేలంలో దర్జాగా అమ్ముడుపోయే సరుకు. వేస్ట్ అనేది లెక్క చెప్పి వదిలించుకోవలసిన వ్యర్థం. రెండు మాటలూ ఒకే తీరుగా వినిపించినంత మాత్రాన రెంటినీ కలపరాదు.

ఇప్పుడు ఆరంజ్ పెకో సంగతి చూద్దాం. మొగ్గ మీది తెల్లని నూగును గుర్తుంచుకోమన్నాను. దక్షిణ చైనా రేవుల దగ్గర మాట్లాడే భాషలో తెల్లని నూగుకు 'పెక్-హో' అనే మాట ఉంది. యూరపు వర్తకుల నోట అది పెకో అయింది. మొదట నూగు మొగ్గలు ఉన్న లేత ఆకుకే ఆ పేరు. తరువాత కాలంలో అది ఆకు పరిమాణానికి పేరుగా మారింది. ఆరంజ్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పటానికి ఒక కథ ఉంది. యూరపుకు మొదట టీ తెచ్చినవారిలో డచ్చి వర్తకులు ముఖ్యులు. వారి రాజవంశం పేరు ఆరంజ్. ఆ గౌరవం అంటించుకోవటానికి వర్తకులు టీకి ఆ పేరు పెట్టారని అంటారు. మరికొందరు ఎండిన ఆకులో కనిపించే రాగి రంగును బట్టి వచ్చిందంటారు. ఏది నిజమైనా పండుతో మాత్రం దానికి సంబంధం లేదు.

చైనా రేవుల భాష మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. 'టీ' అనే మాట కూడా అక్కడిదే. సముద్రం మీద పోయిన వర్తకులు 'తే' అనే మాటను యూరపుకు మోసుకొని పోయారు. ఎడ్లు, ఒంటెల మీద నేలదారిన పోయిన సరుకుతో 'చా' అనే మాట పారశీకానికి వెళ్లి చాయ్ అయింది. కోస్తా జిల్లాలలో ఎక్కువమంది టీ తాగుదామంటారు, తెలంగాణలో చాయ్ తాగుదామంటారు. ఒక తెలుగు భాషలోకే ఓడ దారీ, ఒంటె దారీ రెండూ వచ్చి చేరాయి చూడండి!

పాతకాలపు చైనా పేర్లు అమెరికా చరిత్రలో కూడా ఉన్నాయి. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల మీది 340కి పైగా టీ పెట్టెలను నీళ్లలో పారబోశారని మీరు బడిలో చదివి ఉంటారు. ఆ పెట్టెలలో ఉన్నది మన దేశపు టీ అని కొందరు పొరపాటు పడతారు, తెచ్చినది ఈస్టిండియా కంపెనీ కావటమే అందుకు కారణం. నిజానికి అది చైనా టీ. అస్సాంలో పండిన టీ మొదటిసారి లండనులో వేలానికి వచ్చింది 1839లో. బోస్టన్ పెట్టెలలో ఎక్కువ భాగం 'బోహీ' అనే నల్ల టీ. అది చైనాలోని వూయీ కొండల పేరు. కొన్ని 'కాంగూ', కొన్ని 'సూచాంగ్'. మిగిలినవి ఆకుపచ్చ టీ రకాలు. అప్పట్లో పేరు చెపితే కొండ తెలిసేది, చేసిన తీరు తెలిసేది. జల్లెడ వరుస పేర్లు టీ ఫ్యాక్టరీలతో పాటు బలపడ్డాయి.

ఈనాడు ఖరీదైన పెట్టెల మీద కనిపించే అక్షరాలు చదవటం నేర్చుకొందాం. ఓ.పి. అంటే ఆరంజ్ పెకో: పొడవాటి పూర్తి ఆకు. దాని ముందు ఎఫ్ చేరితే 'ఫ్లవరీ'. పువ్వులు కలిపారని కాదు, లేత మొగ్గలు ఉన్నాయని. జి అంటే 'గోల్డెన్', మొగ్గల కొసలు బంగారు రంగులో ఉన్నాయని. టి అంటే 'టిప్పీ', అటువంటి కొసలు ఎక్కువగా ఉన్నాయని. బి చేరితే 'బ్రోకెన్', ఆకు విరిగినదని. ఎఫ్ అక్షరం దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ముందు వస్తే ఫ్లవరీ, చివర వస్తే ఫ్యానింగ్స్. ఎఫ్.ఓ.పి. అంటే మొగ్గలున్న పూర్తి ఆకు, బి.ఓ.పి.ఎఫ్. అంటే నూక. పి.డి. అంటే పెకో డస్ట్. డార్జిలింగు టీ పెట్టెల మీద ఎఫ్.టి.జి.ఎఫ్.ఓ.పి. అని ఆరు అక్షరాలు కూడా కనిపిస్తాయి. దీనికి వ్యాపారస్థులు సరదాగా చెప్పుకొనే అర్థం ఒకటి ఉంది: 'ఫార్ టూ గుడ్ ఫర్ ఆర్డినరీ పీపుల్' అని. అంటే మామూలు మనుషుల స్థాయికి మించిన మంచి టీ అని! అక్షరాల బారును చూసి తల తిరిగినవారు ఎవరో ఈ హాస్యం పుట్టించి ఉంటారు.

ఈ అక్షరాలు అన్ని దేశాలలోనూ ఒకే తీరుగా వాడరు. శ్రీలంకలో పొడవాటి తీగలాంటి ఆకుకు ఓ.పి. అని పెడితే, మరొకచోట అదే పేరుతో పొట్టి ఆకు రావచ్చు. జల్లెళ్లతో కొలిచి రకాలను విడదీసే అంతర్జాతీయ పద్ధతి ఒకటి 2004లో వెలువడింది గాని, పెట్టెల మీది పేర్లు ఇంకా ఎవరి అలవాటు వారిదే. అమెరికా దుకాణాలలోనయితే మరీ విచిత్రం. ఇక్కడ 'ఆరంజ్ పెకో' అనేది మామూలు బ్లాక్ టీ అనటానికి మారుపేరు అయిపోయింది. ఆ పెట్టెలోని సంచి ఒకటి కత్తిరించి కాగితం మీద పోయండి. లోపల పొడవాటి ఆకు ఉండదు. ఉండేది సన్నని నూక. పేరు రాజవంశానిది, సరుకు ఫ్యానింగ్స్! మన పొట్లం మీది డస్టుకూ, ఆ సంచిలోని ఆరంజుకూ జల్లెడ దగ్గర ఉన్న దూరం ఒక మెట్టు. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా దేనిని చూసి సిగ్గుపడాలో నాకు బోధపడదు.

పరిమాణం వల్ల రుచి మారదా అని అడుగుతారు. తప్పకుండా మారుతుంది. ఎలాగో చూడండి. ఒక గ్లాసు నీళ్లలో బెల్లం గడ్డ వేయండి. మరొక గ్లాసులో అంతే బరువున్న బెల్లం తురుము వేయండి. ఏది ముందు కరుగుతుంది? తురుమే కదా. ఎందుకు? కొంచెం లెక్క వేద్దాం. ఒక సెంటీమీటరు భుజం గల ఘనం ఉన్నదనుకోండి. దానికి ఆరు ముఖాలు. మొత్తం వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలు వస్తాయి. వాటి ముఖాలన్నీ కలిపితే 60 చదరపు సెంటీమీటర్లు. బెల్లం పెరగలేదు, నీరు తగిలే చోటు పదింతలయింది. తేయాకు కరిగిపోదు గాని, దానిలోని రంగూ రుచీ నీటిలోకి దిగటానికి ఇదే లెక్క. డస్టు నుంచి రెండు మూడు నిమిషాలలో చిక్కని కషాయం దిగుతుంది. పెద్ద ఆకు తీరికగా అయిదు నిమిషాలు తీసుకొంటుంది. డస్టును ఎక్కువసేపు ఉంచితే వగరెక్కి చేదవుతుంది. పెద్ద ఆకులో సన్నని పరిమళాలు నిలుస్తాయి. అయితే పాలూ పంచదారా పోస్తే ఆ పరిమళాలు మునిగిపోతాయి. పాలకు ఎదురు నిలవాలంటే చిక్కదనమే కావాలి.

మనవాళ్లు పొడిని ఎంచుకోవటంలో ఉన్న తెలివి అదే. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెకర్చర్ అనే ఆయన ఒక యంత్రం తయారు చేశాడు. పళ్లున్న రెండు ఉక్కు రూళ్లు వేరువేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటి మధ్య పడిన ఆకు నలిగి, చిరిగి, చుట్టుకొని పలుకులుగా బయటికి వస్తుంది. నలుపు, చింపు, చుట్టు అనే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి సి.టి.సి. అని పేరు పెట్టారు. ఈనాడు భారతదేశంలో తయారయ్యే టీలో ఎక్కువ భాగం సి.టి.సి. టీయే. తక్కువ పొడితో ఎక్కువ కప్పులు వస్తాయి. చౌకగా దొరికింది కనుక రైలు స్టేషన్లలో, సినిమాహాళ్ల దగ్గర, కూలి పనుల దగ్గర పేదవాడి చేతికి కూడా టీ గ్లాసు అందింది. దక్షిణాదిన ఇంకా మెత్తని డస్టు రకాలకు గిరాకీ ఎక్కువ. కూనూరు, కొచ్చిన్ వేలం కేంద్రాలలో ఆకు టీని, డస్టు టీని వేరువేరుగా అమ్ముతారు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో పొడిని మూతపెట్టిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిచ్చి, విడిగా చిక్కగా కాచిన పాలలో కలుపుతారు. పొడవాటి ఆకుతో ఆ పని చేస్తే ఆకూ దండుగ, గ్యాసూ దండుగ. తెలుగులో దీనిని ఎప్పుడూ 'టీ పొడి' అంటారు గాని 'టీ ఆకు' అనేవారు తక్కువ. మన నాలుకకు ఏది అలవాటో మన మాటే చెపుతున్నది.

ఆ ఆకు గిల్లిన చేతులలో మనవాళ్ల చేతులు కూడా ఉన్నాయి. బ్రిటిషువారి కాలంలో గంజాం, విశాఖపట్టణం ప్రాంతాల నుంచి ఎన్నో పేద కుటుంబాలను అస్సాం తోటలకు కూలికి తీసుకొని పోయారు. వారి సంతతివారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

అమెరికాలో టీ తోటలు లేవా అంటే, కొంచెం ఉన్నాయి. సౌత్ కరోలైనా రాష్ట్రంలో సమ్మర్‌విల్ అనే ఊళ్లో చార్లెస్ షెపర్డ్ అనే ఆయన 1888లో తోట వేశాడు. ఆకు గిల్లటానికి చాలా చేతులు కావాలి. ఆయన నల్లజాతి పిల్లల కోసం ఒక బడి పెట్టి చదువు చెప్పించాడు. ఆ పిల్లలే తోటలో ఆకు గిల్లేవారు. ఇది మేలా, మేలు పేరుతో కూలి పనా? ఆ రోజులలో ఆ పిల్లలకు బడులు ఎంత తక్కువో కూడా తెలుసుకొని, మీరే ఆలోచించండి. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో ఆయన టీకి బహుమతి వచ్చింది. 1915లో ఆయన చనిపోగానే తోట అడవిలా పెరిగిపోయింది. ఆ మొక్కలనే 1963లో లిప్టన్ కంపెనీవారు వాడ్మలా దీవికి తెచ్చి పరిశోధన కోసం నాటారు. 1987లో అది వాణిజ్య తోటగా మారింది. 2003 నుంచి బిగెలో కుటుంబం చేతిలో ఉంది. ఇప్పుడు దాని పేరు చార్లెస్టన్ టీ గార్డెన్. అక్కడ బుట్టలు కట్టుకొని గిల్లేవారు కనిపించరు. వరుసల మీదుగా పెద్ద యంత్రం ఒకటి పోతూ లేత కొసలను కత్తిరిస్తుంది. మనిషి వేలు రెండాకులూ మొగ్గా చూసి గిల్లుతుంది. కత్తికి ఆ వివేకం లేదు. వీలయితే మీ పెద్దవారితో వెళ్లి చూడండి, ఫ్యాక్టరీ పనిని అద్దాల వెనుక నుంచి చూపిస్తారు.

అమెరికాలో సంచులు రావటం కూడా ఒక కథే. మిల్వాకీ నగరానికి చెందిన రోబెర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ అనే ఇద్దరు స్త్రీలకు 1903లో టీ ఆకు ఉంచే గుడ్డ సంచికి పేటెంటు లభించింది. ఒక కప్పుకు ఎంత కావాలో అంతే ఆకు వాడవచ్చు, వృథా ఉండదని వారి ఆలోచన. 1908 ప్రాంతంలో న్యూయార్కు వర్తకుడు థామస్ సల్లివన్ పట్టు సంచులలో నమూనాలు పంపితే, కొన్నవారు సంచితో సహా వేడినీళ్లలో ముంచారని కూడా చెప్పుకొంటారు. సంచి వాడుక పెరిగిన కొద్దీ నూకకు గిరాకీ పెరిగింది. చిన్న సంచిలో పెద్ద ఆకు విచ్చుకోవటానికి చోటు ఉండదు. పైగా తొందరగా రంగు దిగేది నూకే. అమెరికాలో తాగే టీలో మూడువంతులకు పైగా మంచుముక్కలు వేసుకొని చల్లగా తాగేదే. దానికి కావలసింది చల్లబడినా తేటగా ఉండే టీ. చిక్కని అస్సాం కషాయాన్ని ఫ్రిజ్జులో పెట్టి చూడండి, మబ్బుపట్టినట్లు మసకబారుతుంది. టీలోని కెఫీనూ, వగరు పదార్థాలూ చల్లదనానికి ఒకదానినొకటి పట్టుకోవటం వలన అలా అవుతుంది. అది చెడిపోయినట్లు కాదు, మళ్లీ వేడిచేస్తే తేటపడుతుంది. అలా మసకబారని అర్జెంటీనా టీని అమెరికా వ్యాపారులు ఎక్కువగా తెప్పించటానికి ఇది ఒక కారణం.

గ్రేడు అక్షరాలు ఆకు పరిమాణం చెపుతాయి, కల్తీని గురించి చెప్పవు. ఎంత మంచి పేరున్న గ్రేడులోనైనా రంగు కలిపేవాడు కలపవచ్చు. ఈ భయంతోనే అమెరికా ప్రభుత్వం 1883లో ఒక చట్టం, 1897 మార్చి 2న మరింత గట్టి చట్టం చేసింది. ఏడుగురు నిపుణుల మండలి ఏటా సమావేశమై, ఏ రకం టీ కనీసం ఎలా ఉండాలో నమూనాలు నిర్ణయించేది. రేవులలో ప్రభుత్వ పరీక్షకులు వచ్చిన సరుకును ఆ నమూనాలతో పోల్చి, వాసన చూసి, చప్పుడు చేస్తూ జుర్రి, ఉమ్మివేసి తీర్పు చెప్పేవారు. తప్పిన సరుకును దేశంలోకి రానిచ్చేవారు కాదు. టీ తాగటమే ప్రభుత్వోద్యోగమా అని చాలామంది నవ్వారు. ఖర్చు దండుగ అని వాదించారు. చివరకు 1996లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఇప్పుడు టీ కూడా మిగతా ఆహార పదార్థాల చట్టం కిందికే వస్తుంది. నవ్వినవారి మాట ఎలా ఉన్నా, దాదాపు నూరేళ్లు ఒక ప్రభుత్వం సామాన్యుల టీ కప్పు కోసం కొందరి నాలుకలకు జీతమిచ్చి కాపలా పెట్టడం నాకు ముచ్చటగా తోస్తుంది.

ఇంట్లో మీరే చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. తడిపిన వడపోత కాగితం మీద కొంచెం టీ చల్లి అయిదు నిమిషాలు ఉంచండి. టీ తీసివేసి, కాగితాన్ని నీళ్లతో కడిగి వెలుతురులో చూడండి. మంచి టీ అయితే మరక పడీ పడనట్లు ఉంటుంది. రంగు కలిపినదయితే ముదురు గోధుమ, నలుపు మరకలు స్పష్టంగా నిలుస్తాయి. పొడిలో అయస్కాంతం తిప్పితే ఇనుపరజను ఉంటే అంటుకొంటుంది.

రెండవది రుచి పరీక్ష. దీనిని పెద్దవారి సాయంతోనే చేయండి, నీళ్లు బాగా కాగి ఉంటాయి. ఇంట్లోని మన పొడి, కత్తిరించిన సంచిలోని నూక, దొరికితే పెద్ద ఆకు తెచ్చుకోండి. చెంచాతో కొలవవద్దు, తూకం వేయండి. చెంచాడు పొడి బరువుగా ఉంటుంది, చెంచాడు ఆకు తేలికగా ఉంటుంది. టీ రుచి చూసే నిపుణులకు ఒక అంతర్జాతీయ కొలత ఉంది: నూరు మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల టీ, సరిగా 6 నిమిషాలు. మూడు గ్లాసులలో అలాగే వేసి, మొదటి నిమిషంలో రంగు ఎందులో ముందు దిగుతున్నదో చూసి రాసుకోండి. ఆరు నిమిషాల తరువాత వడకట్టి ఒక్కొక్క చెంచా రుచి చూడండి. పొడి గ్లాసు మొహం చిట్లించేంత వగరుగా ఉంటుంది, పెద్ద ఆకు గ్లాసు పలుచగా వాసనగా ఉంటుంది. తరువాత మూడింటిలోనూ సమానంగా పాలు పోయండి. ఆకు గ్లాసు పాలిపోతుంది. పొడి గ్లాసు మాత్రం మీ ఇంట్లో రోజూ కనిపించే ఆ చాయ్ రంగులోకి వస్తుంది. ఆ గ్లాసును మీ స్నేహితుని చేతికి ఇవ్వండి.